పదకొండోసారి

జూన్ 1

ఆసుపత్రిలో వాడకుండా మిగిలిపోయిన అపాయింట్‌మెంట్ పుస్తకం ఇది. పారేస్తుంటే తెచ్చుకున్నాను. పేజీకి పదహారు గడులు. పొద్దున తొమ్మిది నుంచి అరగంటకొకటి, ఒక్కో గడిలో ఒక్కో బిడ్డ పేరు రాయాలి. ఇప్పుడు గడులన్నీ నావే.

డైరీ రాసే రకాన్ని కాదు నేను. మాట్లాడితే సరిపోయేదానికి రాయడమెందుకు? కానీ ఇది మాట్లాడేది కాదు. అసలు ఏమీ లేదు కూడా. పొద్దున చెల్లి కింద వాటాలోంచి పైకి వచ్చి, "ఉడత పిలిస్తే తిరగట్లేదేంటక్కా?" అంది. అంతే. రోజంతా ఆ మాటే మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోంది.

ఉడత అంటే చెల్లి కూతురు. ఒంటి నిండా నూగుతో పుట్టిందని మరిది పెట్టిన ముద్దుపేరు. ఇవాళ్టికి నాలుగు నెలల పది రోజులు.

"నాలుగు నెలల పిల్ల పిలవగానే 'ఆఁ, వస్తున్నా' అంటుందా?" అన్నాను. చెల్లి నవ్వేసింది. దానికి మొదటినుంచీ కంగారే. ఏప్రిల్‌లో పెద్ద గిన్నె కింద పడినప్పుడు కూడా పిల్ల ఉలిక్కిపడలేదని పరిగెత్తుకొచ్చింది. పాలు తాగే పిల్లకి లోకంతో పనేమిటి అని అప్పుడూ నవ్వించి పంపాను.

పద్నాలుగేళ్ళుగా పుట్టిన పిల్లల చెవులు పరీక్ష చేస్తున్నాను. ఉడతకి రెండో రోజున పరీక్ష చేసింది నేనే, కార్డు మీద పాస్ అని రాసిందీ నేనే. మొదటిసారి రాలేదు, రెండోసారికి వచ్చింది. చాలామంది పిల్లలకి అంతే. చెవిలో పురిటి తడి ఉంటుంది.


జూన్ 4

ఆసుపత్రిలో మా గది గోడ మీద పెద్ద అంకెలు మూడున్నాయి: 1, 3, 6. నెలలోపు మొదటి పరీక్ష. మూడు నెలల్లోపు అనుమానం తేల్చెయ్యాలి. వినికిడి లేదని తేలితే ఆరు నెలల్లోపు చెవికి యంత్రం పెట్టాలి. ఆ అంకెలు అట్ట మీద కత్తిరించి అంటించింది నేనే. ఇవాళ ఆరు అంకె మూల ఊడి వేలాడుతుంటే జిగురు రాసి మళ్ళీ నొక్కాను.

మా పెద్ద డాక్టరమ్మ తల్లులకి చెప్పే పాఠం నాకు కంఠతా వచ్చు. ఆవిడ రానిరోజు నేనే చెప్తాను. "పుట్టిన బిడ్డ మెదడులో అవసరానికి మించి దారులుంటాయమ్మా. నాడీకణాలు ఒకదానికొకటి చేతులు చాచుకుని ఉంటాయి. చెవి నుంచి రోజూ కబురు వస్తుంటే ఆ దారి గట్టిపడుతుంది. కబురు రాకపోతే, ఈ దారి ఎవరికీ అక్కర్లేదని మెదడే దాన్ని తెంపేసుకుంటుంది. వినికిడి కోసం ఉంచిన గది ఎంతకాలమని ఖాళీగా ఉంటుంది? పక్కనున్న చూపూ స్పర్శా వచ్చి సామాను సర్దేసుకుంటాయి. తర్వాత మనం వెళ్ళి తలుపు కొడితే లోపల చోటుండదు."

ఇవాళ ఇద్దరు తల్లులకి చెప్పాను. రెండోసారి మధ్యలో ఆపాను. మంచినీళ్ళు తాగి మిగతాది చెప్పాను.

నా పక్క బల్ల దగ్గర కూర్చునే పెద్దాయన ఉన్నాడు, ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడు. ఆయన్ని వెనక అందరూ రెండుసార్లాయన అంటారు. చెవిలో గొట్టం పెట్టి మీట నొక్కడం ఒక పూటలో రెండుసార్లే చెయ్యాలని రూలు. రెండుసార్లూ రాకపోతే పిల్లని పెద్ద పరీక్షకి పంపాలి. "మూడోసారి నొక్కకండి! నొక్కగా నొక్కగా మిషనుకే విసుగొచ్చి పాస్ అంటుంది!" అని కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తాడు. ఆయన మాటంటే మా అందరికీ నవ్వులాట.


జూన్ 7

ఆదివారం. కింద చెల్లి కుట్టుమిషను దగ్గర, పక్కన చాప మీద ఉడత. అమ్మ వెనకనుంచి స్టీలు పళ్ళెం మీద గరిటెతో ఠంగుమని కొట్టింది. ఉడత తిరిగి చూసింది.

"చూశావా, ఎలా తిరిగిందో! నీ మిషన్లెందుకే, నా పళ్ళెం చాలు," అంది అమ్మ.

కిటికీ అమ్మ వెనక ఉంది. పళ్ళెం ఎత్తగానే దాని నీడ చాప మీద పడింది. ఆసుపత్రి గదిలో ఇలాంటి పళ్ళేలు తెచ్చే అమ్మమ్మలకి నేను క్లాసు పీకుతాను. పిల్ల తిరిగింది చప్పుడుకా, నీడకా, గాలికా, నేల అదురుకా, ఎలా తెలుస్తుందమ్మా అని.

అమ్మకి క్లాసు పీకలేదు. "మహా గడుసుది," అన్నాను.


జూన్ 8

తలుపు గట్టిగా వేశాను. తిరిగింది. గాలి తగిలిందేమో.


జూన్ 9

చెల్లి మిషను మోటారు మొదలవగానే ఉడత అటు తిరుగుతుంది. ప్రతిసారీ. ఏడుస్తున్నా ఆపుతుంది. చెల్లి ఇవాళ అది చూపించి, "మిషను చప్పుడంటే దీనికి ప్రాణం అక్కా. పెద్దయ్యాక టైలరే," అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను. మోటారుకి తిరిగే పిల్లకి చెవులు వినపడవని ఎవరంటారు?

చెక్క నేల కాబట్టి మిషను నడిస్తే గది మొత్తం అదురుతుంది. ఈ సంగతి నాకు తెలీదా? తెలుసు. అయినా చప్పుడు కూడా ఉంటుంది కదా.


జూన్ 12

సరే, మూడోసారికి వచ్చింది. డైరీ దగ్గర కూడా దాచడమెందుకు. మొదటి రెండూ రాలేదు, మూడోసారి పాస్.

ఆ రోజు సంగతి రాయాలి. చెల్లికి అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. రెండోసారి పోయినప్పుడు దాన్ని ఇంటికి తెచ్చుకున్నది నేను. మూడు వారాలు అన్నం కలిపి పెట్టింది నేను. ఉడత పుట్టిన రెండో రోజు నేను మిషను తోసుకుంటూ దాని గదికి వెళ్ళేసరికి, నా చేయి పట్టుకుని, "అన్నీ బాగున్నాయని చెప్పక్కా, చాలు. ఇంకేమీ వద్దు నాకు," అంది. చేయి చల్లగా ఉంది. వదల్లేదు. ఎడమ చేత్తో మీట నొక్కాను.

పిల్ల కదులుతోంది. బయట స్ట్రెచర్ల చప్పుడు. ఏ టెక్నీషియనైనా ఇంకోసారి నొక్కుతుంది.


జూన్ 15

ఉడత కళ్ళని చూస్తే నాకు భయమేస్తోంది.

గదిలో ఎవరు ఎటు కదిలినా ఆ కళ్ళు వెంటాడతాయి. పరదా కదిలితే చూస్తుంది. చెల్లి చేతిలో దారపు ఉండ చూస్తుంది. మరిది బస్సు దిగి ఇంటి మలుపు తిరిగాడంటే, గోడ మీద ఆయన నీడ పడగానే చూస్తుంది. మరిదికి గర్వం. "నాలా డ్రైవరవుతుంది వదినా, అద్దంలో వెనక బండి కూడా చూసేస్తుంది," అన్నాడు.

అందరూ మురిసిపోతుంటే నేను లేచి వంటింట్లోకి వెళ్ళి కడిగిన గ్లాసులే మళ్ళీ కడిగాను. చూపుకి అంత పదును ఎక్కణ్ణుంచి వస్తోంది? ఏ గదిలో సామాను సర్దుకుంటోంది?

ఛీ. నేనే చెప్పే పాఠం నన్నే పట్టుకుంది. కొందరు పిల్లలు పుట్టుకతోనే చురుగ్గా ఉంటారు.


జూన్ 16

'ఉంగా' అనడం తగ్గిందని చెల్లి అంది. పళ్ళు వస్తున్నాయేమో అన్నాను. అయిదో నెలకి పళ్ళేమిటి నా మొహం.


జూన్ 18

ఇవాళ ఒకాయన మూడేళ్ళ బాబుని తెచ్చాడు. వడ్రంగి. చేతినిండా చెక్కపొడి, కడుక్కోకుండానే వచ్చేశాడు. బాబు ఒక్క మాట కూడా మాట్లాడడు. ఎక్కడో వేరే ఊళ్ళో పుట్టాడట, పుట్టినప్పటి కార్డు ప్లాస్టిక్ కవర్లో దాచి తెచ్చాడు. రెండు చెవులూ పాస్.

పెద్ద పరీక్ష చేస్తే రెండు చెవుల్లోనూ వినికిడి లేదు.

"పాసయ్యాడని రాసిచ్చారు కదమ్మా," అంటాడు ఆయన. కోపంగా కాదు. మేమేదో తప్పు చదువుతున్నామని, సరిచేయాలని. కార్డు మళ్ళీ మళ్ళీ మా ముందుకి జరుపుతాడు. "ఇదుగో, ఇక్కడ. చూడండి. మూడేళ్ళూ దీన్ని చూసుకునే కదా ఆగాం."

ఆయన వెళ్ళాక డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఎవరో దయగల మనిషి, పాస్ వచ్చేదాకా నొక్కి ఉంటారు," అంది. రెండుసార్లాయన తల ఊపాడు. ఆయన మొహంలో నవ్వులాట లేదు. నేను ఫైలు తీసుకుని బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

ఆ మనిషికి దయ ఉందట.


జూన్ 19

అయిదో ఆరో సార్లు నొక్కి ఉంటాను. అప్పుడు లెక్కపెట్టలేదు.


జూన్ 21

రాస్తాను. వరసగా రాస్తాను.

మధ్యాహ్నం చెల్లితో, "నువ్వు కుట్టుకో, నేను దీన్ని మంచం మీద ఆడిస్తా," అన్నాను. మిషను గదిలోనే ఆ మూల మంచం ఉంది, కాళ్ళ కింద రబ్బరు బిళ్ళలు, పైన జానెడు మందం పరుపు. ఉడతని పరుపు మధ్యలో పడుకోబెట్టాను. మిషను దాని తల వెనక వైపుకి వచ్చేలా. కిటికీ పరదా వేశాను. నేను కదలకుండా దాని కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

చెల్లి మోటారు నొక్కింది. ఎప్పుడూ వచ్చే చప్పుడే.

ఉడత నా గాజు పట్టుకుని ఆడుకుంటోంది. రెప్ప కూడా వెయ్యలేదు.

ఆగింది. మళ్ళీ నడిచింది. గాజు. మళ్ళీ. గాజు.

దాన్ని ఎత్తి తీసుకెళ్ళి నేల మీద చాప మీద పడుకోబెట్టాను. చెల్లి మోటారు నొక్కగానే ఉడత తల తిప్పి మిషను వైపు చూసి నవ్వింది.

"ఏంటక్కా, అలా మారుస్తున్నావ్?" అంది చెల్లి.

"ఊరికే. పరుపు మీద ఉక్కపోస్తోందని," అన్నాను.

ఇంకేం కావాలి నాకు? పెద్ద పరీక్ష కూడా అక్కర్లేదు. ఈ పిల్ల మోటారుని వీపుతో వింటోంది. రేపు చెల్లితో చెప్పేస్తాను.


జూన్ 22

చెల్లి పుట్టినరోజు. ఇవాళెలా చెప్పను.

ఉడతకి అయిదు నెలలు నిండాయి.


జూన్ 23

చెప్పలేదు.


జూన్ 24

మరిదికి జ్వరం. తగ్గనీ.


జూన్ 26

జ్వరం నిన్ననే తగ్గింది.


జూన్ 28

ఇవాళ దాదాపు చెప్పాను. "చెల్లీ, ఒక మాట," అన్నాను. "ఏంటక్కా?" అని గుడ్డ మీంచి కళ్ళెత్తింది. నోట్లో రెండు గుండుసూదులు. "ఈ నీలం రంగు బాగుందే," అన్నాను. సిగ్గు లేదు నాకు.

నాకేం భయం? అది నన్ను తిడుతుందనా? తిడితే తిట్టనీ. ఉద్యోగం పోతుందనా? అది కూడా కాదు. పద్నాలుగేళ్ళు ఎవరింటికెళ్ళినా, 'మా అక్క చెవుల డాక్టరు' అని చెప్పుకుంది పిచ్చిది. నేను డాక్టర్ని కాదే అంటే వినదు. చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుని రోడ్డు దాటేది. చూడవే అంటే, నువ్వు చూస్తున్నావు కదా అనేది. ఆ చెయ్యి అది విదిలించుకుంటే నాకేం మిగులుతుంది? అదీ నా భయం. పిల్ల కోసం కాదు, నా కోసం. రాశాను, చాలు.

ఇంకా ఇరవై నాలుగు రోజులున్నాయి ఆరు నెలలకి.


జూలై 1

ఇవాళ కూడా చెప్పింది సున్నా.


జూలై 3

మిషన్లు సర్వీసుకి వెళ్తాయట రేపు. వెళ్ళేముందు లోపలి జ్ఞాపకం అంతా తుడిచేస్తారు. ఏ బిడ్డకి ఎప్పుడు ఎన్నిసార్లు నొక్కామో అందులో ఉంటుంది, ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చూడరు. రెండుసార్లాయన చెప్పగానే నాకు మొదట కలిగింది సంతోషం. ఒంట్లోంచి బరువు దిగినట్టు. అక్కడే నిలబడి నవ్వాను కూడా.

తర్వాత నా మీద నాకే రోత పుట్టింది. వడ్రంగి కార్డు గుర్తొచ్చింది. ఎక్కడో ఒక మిషను ఆ బాబు లెక్క కూడా ఇలాగే తుడుచుకుని, శుభ్రంగా తిరిగొచ్చి ఉంటుంది.

అందరూ భోజనాలకి వెళ్ళాక జనవరి ఇరవై మూడు తెరిచాను. చూడకుండానే ప్రింటు నొక్కాను. బ్యాగులో పెట్టుకున్నాను. ఇంటికొచ్చాక చూశాను.

పదకొండు.

సాయంత్రం నాలుగూ పన్నెండుకి మొదటిది. నాలుగూ యాభై ఒకటికి ఆఖరిది. ముప్ఫై తొమ్మిది నిమిషాలు చెల్లి నా చేయి పట్టుకుని ఉంది. పదిసార్లు మిషను కాదంది. పదకొండోసారి అవునంటే, "పాస్," అని గట్టిగా అన్నాను. చెల్లి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మిగతా ఆర్నెల్ల లెక్క కూడా చూశాను. ఇంకే బిడ్డకీ రెండు దాటలేదు. ఒట్టు. డైరీకి ఒట్టు వేస్తున్నానేమిటి!


జూలై 5

చెప్పాను.

యూనిఫాం కాలర్లు కుడుతోంది. కాగితం తెచ్చి కుట్టుమిషను మీద, సూది పక్కన పెట్టాను. ఉడత నిద్రపోతోంది.

"ఏంటిది?"

"ఉడత పుట్టిన రెండో రోజు నేను చేసిన పరీక్ష. చదువు."

పైనుంచి కిందకి వేలు పెట్టి చదివింది. "పదకొండు లైన్లున్నాయి."

"పదకొండుసార్లు నొక్కాను. రెండే నొక్కాలి."

"రెండోసారికే వచ్చిందన్నావ్."

"అబద్ధం చెప్పాను."

మోటారు మీంచి కాలు తీసేసింది. కాగితం మడత బొటనవేలితో సాపు చేస్తూ కూర్చుంది, గుడ్డ కత్తిరించేముందు చేసినట్టే. "దీనికి వినపడదా?"

"వినపడదనే అనుకుంటున్నా. పెద్ద పరీక్ష వెంటనే చేయించాలి. ఆరు నెలల్లోపు యంత్రం పెడితే..." నా పాఠం మొదలుపెట్టాను. పద్నాలుగేళ్ళ అలవాటు. దాని మొహం చూసి ఆపేశాను.

"నాకు తెలుసు," అంది.

"ఏం తెలుసే?"

"ఏప్రిల్‌లో గిన్నె పడినప్పుడు. అంత పెద్ద గిన్నె, నేనే కెవ్వుమని అరిచా. అది పాలు తాగుతూనే ఉంది. గుటక కూడా ఆగలేదు. ఆ నిమిషమే తెలిసిపోయింది నాకు. పైకి పరిగెత్తుకొచ్చా. నువ్వు నవ్వావ్." కళ్ళల్లో నీళ్ళు లేవు. నీళ్ళుంటే బాగుండేది. "నా కళ్ళతో నేను చూసింది తప్పనుకున్నా. మూడు నెలలు. నువ్వు చెప్పావని."

ఉడత మీది దుప్పటి సర్దాను.

"మీ దగ్గర ఈ పరీక్ష చేసేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగింది.

"ఉన్నారు."

"వాళ్ళతో చేయించు."

ఏ మాట మాట్లాడినా చివర 'అక్కా' అని తగిలించేది. ఆ మాట ఈ సంభాషణలో ఎక్కడా లేదు. మళ్ళీ మొదటినుంచి గుర్తుచేసుకుని చూశాను.

మరిది డ్యూటీ దిగి వచ్చి కాగితం చదివాడు. నిలబడే చదివాడు. "వదినా, ఇంకెంత టైముంది?" అన్నాడు. పదిహేడు రోజులన్నాను. "అయితే తిట్లు తర్వాత. ముందు తారీకు తీసుకోండి," అన్నాడు.

అమ్మ తిట్లు తర్వాతకి ఆగలేదు. "నీ నోట్లోంచి ముత్యాలు రాలతాయా, అప్పుడే చెప్తే? నాతోనైనా చెప్పి ఏడవకూడదూ? నేనేమో పళ్ళెం వాయిస్తూ కూర్చున్నా, పిచ్చిదానిలా!" అని అరిచింది. అరిచి అరిచి పళ్ళెం తీసుకెళ్ళి గిన్నెల అడుగున ఎక్కడో పెట్టేసింది.


జూలై 6

డాక్టరమ్మ గదిలో నిలబడి మొత్తం చెప్పాను. కాగితం ఇచ్చాను. ఆవిడ లైన్లు లెక్కపెట్టింది.

"మీకు పాఠం చెప్పక్కర్లేదు. నా పాఠం మీరే చెప్తారు," అంది. "రేపటినుంచి పసిపిల్లల గదిలోకి రాకండి. రికార్డుల్లో కూర్చోండి. మిగతాది పైవాళ్ళు చూస్తారు. పాపని ఎల్లుండి తీసుకురండి."

"చాలా ఆలస్యం చేశానా?" అని అడిగాను.

"చేశారు. మరీ చెయ్యిదాటిపోలేదు," అంది.


జూలై 8

గది బయట కూర్చున్నాను. తలుపులో చిన్న గాజుపలక ఉంది. లోపల చెల్లి ఒళ్ళో ఉడత నిద్రపోతోంది. నుదుటి మీద ఒక బిళ్ళ, చెవుల వెనక చెరొకటి, వాటి నుంచి తీగలు. చెవిలోకి టకటకమని చప్పుళ్ళు పంపుతారు, నరం కదిలితే తెర మీద గీత లేస్తుంది. నిద్రలో ఉన్న పిల్ల నటించలేదు, నీడలు చూడలేదు. నరం పలికితే పలికినట్టు, లేకపోతే లేనట్టు. ఈ పరీక్షలు నేను ఎన్ని వందలు చేశానో. ఇవతల ఎప్పుడూ కూర్చోలేదు. కుర్చీ ఇంత ఇరుగ్గా ఉంటుందని తెలీదు.

తెర నాకు కనపడదు. రెండుసార్లాయన వీపే కనపడుతోంది. గంటా పది నిమిషాలు ఆ వీపునే చూశాను.

ఆయనే బయటికి వచ్చి పక్కన కూర్చున్నాడు. "కుడివైపు ఏమీ లేదమ్మా. ఎడమవైపు తొంభై దగ్గర చిన్నగా లేచింది."

తొంభై డెసిబెల్స్ అంటే లారీ హారన్ అంత చప్పుడు.

"సరిగ్గా చూశారా? ఇంకోసారి..." అనేశాను. నా నోరు కాల్చ.

ఆయన కోప్పడలేదు. "రెండుసార్లు చూశాను. రెండుసార్లూ అక్కడే లేచింది. అంటే అది నిజమైన గీతే," అన్నాడు. "చిన్నదైనా నిజమైనది."

లోపల చెల్లి ఉడత నుదుటి మీది జిగురు తడిగుడ్డతో తుడుస్తోంది. నేను తలుపు తోశాను కానీ లోపలికి వెళ్ళలేదు.


జూలై 10

చెవులకి అచ్చులు తీశారు. మెత్తని ముద్ద చెవిలో పెడితే ఉడత ఊరంతా దద్దరిల్లేలా ఏడ్చిందట. మరిది చెప్పాడు. నేను రికార్డుల్లో ఉన్నాను.


జూలై 14

చెల్లి పైకి రావడంలేదు. నేను కిందకి వెళ్తే కూర్చో అంటుంది. కూర్చుంటాను. ఉడతని నా చేతికిస్తుంది, దాచుకోదు. కానీ ఏమీ అడగదు. ఇదివరకు పిల్ల తుమ్మితే నన్ను అడిగేది.


జూలై 20

యంత్రాలు పెట్టారు. ఆరు నెలలకి రెండు రోజుల ముందు.

నన్ను రమ్మని చెల్లి అనలేదు, మరిది అన్నాడు. గోడకి ఆనుకుని నిలబడ్డాను. గోడ మీద నేనంటించిన అంకెలు అలాగే ఉన్నాయి. మరిది కెమెరా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు, పాపం. యంత్రం పెట్టగానే పిల్ల కళ్ళు విప్పార్చి నవ్వుతుందని ఎక్కడో చూశాడట. ఉడత కుడిచెవిది పీకి నోట్లో పెట్టుకుంది. అది తీసి పెడితే ఎడమది పీకింది. మరిది కెమెరా దించేశాడు.

"ఇవాళే ఏమీ కనపడదు," అంది డాక్టరమ్మ. "ఆరు నెలలుగా కబురు రాని దారి. ఇప్పుడు మొదలైంది. ఇది కబురని దానికే తెలియాలి ముందు. నిద్రపోయేటప్పుడు తప్ప తియ్యొద్దు. మాట్లాడుతూనే ఉండండి. ఏడాది దగ్గరికి చూసి, ఇవి చాలకపోతే చెవి లోపల యంత్రం అమర్చే ఆపరేషన్ సంగతి మాట్లాడదాం."

"వస్తుందా మాట?" అని చెల్లి అడిగింది.

డాక్టరమ్మ దాని వైపు తిరిగింది. "చెప్పలేను. అవకాశం బాగానే ఉంది. అంతవరకే చెప్పగలను."

చెల్లి తల ఊపింది. ఆ జవాబుకి అది ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. పైగా భుజాలు కాస్త దిగాయి. ఎందుకో నాకు అర్థం కాలేదు.


జూలై 25

అమ్మ రోజంతా ఉడతతో మాట్లాడుతోంది. పప్పు ఉడికిందనీ, ఎదురింటావిడ గయ్యాళిదనీ. గొంతు పోయింది. వేణ్ణీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టింది.


ఆగస్టు 2

రికార్డుల్లో పాత కార్డులు సర్దుతుంటే నా చేతిరాతే అన్నిట్లో. పాస్, పాస్, పాస్. ప్రతి కార్డునీ ఆగి చదివి పక్కన పెడుతున్నాను.


ఆగస్టు 9

సాయంత్రం మరిది పైకొచ్చి, "మీ చెల్లి రమ్మంటోంది వదినా," అన్నాడు. చెప్పులు కూడా వేసుకోకుండా దిగాను.

ఉడత మంచం మీద పరుపు మధ్యలో ఉంది. చెవుల్లో యంత్రాలు. అవి పీకకుండా చెల్లి పాత బనియను గుడ్డతో చిన్న టోపీ కుట్టింది, గడ్డం కింద ముడి. కిటికీ పరదా వేసి ఉంది. మిషను పిల్ల తల వెనక వైపుకి ఉంది. అంతా నేను జూన్‌లో పెట్టినట్టే ఉంది. ఆ రోజు ఎందుకలా మార్చానో దానికి ఇప్పుడు తెలుసు.

"పక్కన కూర్చుని చూడు. కదలకు," అంది.

కూర్చున్నాను. ఉడత నా గాజు అందుకుంది. కాళ్ళు గాల్లో తన్నుకుంటోంది.

చెల్లి మోటారు నొక్కింది.

ఉడత కాళ్ళు ఆగాయి. గాజు పట్టుకున్న చెయ్యి కూడా ఆగింది. తిరగలేదు, నవ్వలేదు. ఒకటి రెండు క్షణాలు అలా ఉండి, మళ్ళీ తన్నడం మొదలుపెట్టింది.

చెల్లి వెనక్కి తిరిగింది. "విన్నదా?"

అవునని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మొహం చూస్తూ కాదనడం నావల్ల కాదు, ఎప్పుడూ కాలేదు. 'ఇంకోసారి నొక్కు' అనే మాట కూడా వచ్చింది. రెండూ మింగేశాను.

"తెలీదు," అన్నాను. "కాళ్ళు ఆపింది. విని ఆపి ఉండొచ్చు. ఊరికే ఆపి ఉండొచ్చు. నాకు తెలీదు."

నన్నే చూస్తూ ఉండిపోయింది. ఉడత గాజు లాగుతుంటే నా మణికట్టు నొప్పెడుతోంది, తియ్యలేదు.

"ఈ ముక్క ఏప్రిల్‌లో అనుంటే చాలేది," అంది చెల్లి. ఇన్నాళ్ళకి వచ్చాయి కన్నీళ్ళు, మిషను మీదికి వంగి ఏడ్చింది. నేను లేచి దాని వీపు మీద చెయ్యి వేశాను. విదిలించుకోలేదు.

ఏడుపు ఆగాక ముక్కు తుడుచుకుని, తెగిపోయిన దారం సూదిలోకి ఎక్కించుకుంటూ, నా వైపు చూడకుండా, "రేపు కూడా ఇదే టైముకి రా అక్కా. ఒక్కసారే చూద్దాం," అంది.

పైకి వచ్చి ఈ పుస్తకం తెరిచాను. రేపటి పేజీ తిప్పి, నాలుగున్నర గడిలో ఉడత అని రాశాను.